పాత ఎన్‌గ్రేవింగ్ బొమ్మలో కౌంటెస్: ఈమె ఎవరో కనుక్కోవడం ఎలా?

గోదారిగట్టు:
లండన్‌లో ఆదివారం సంతలో ఆరు పౌండ్లకు ఒక ఎన్‌గ్రేవింగ్ (లోహపు పలక మీద చెక్కి కాగితం మీద అచ్చేసిన) బొమ్మ కొన్నాను. చెవుల పక్కన గుత్తులుగా ఉంగరాల జుట్టు, భుజాల మీంచి జారిన గౌను, చేతిలో విసనకర్ర. కింద ఎడమవైపు గీసినాయన పేరు ఎ. ఇ. షాలోన్, కుడివైపు చెక్కినాయన పేరు. మధ్యలో ఫలానా ఊరి కౌంటెస్ (ప్రభువుల ఇంటి ఆడవాళ్ల బిరుదు) అని మాత్రమే. ఆమె సొంత పేరు లేదు! ఇంత చవగ్గా వచ్చిందంటే నకలేమో అని టెన్షన్‌గా ఉంది.

ముద్రణప్రియ:
చవకని భయపడకండి. రాగి పలక త్వరగా అరిగిపోయేది. 1820ల నుంచి స్టీలు పలకలు వచ్చాక ఒక్కో బొమ్మ వేల కాపీలు తీశారు. 1833లో మొదలైన, చార్లెస్ హీత్ అనే ఎన్‌గ్రేవర్ తెచ్చిన 'బుక్ ఆఫ్ బ్యూటీ' (అందగత్తెల బొమ్మల పుస్తకం) లాంటి వార్షిక సంచికలు అలా వచ్చినవే. తర్వాత వాటిని విప్పి పేజీలు విడిగా అమ్మారు.

పది రెట్ల భూతద్దం పెట్టి బుగ్గ చూడండి. చుక్కలు గళ్ల నోటుబుక్కులా వరసగా ఉంటే తర్వాతి కాలపు అచ్చు. చిన్నా పెద్దా కలిసి, నీడ దగ్గర చిక్కగా, వెలుగు దగ్గర పలచగా ఉంటే చేత్తో పొడిచినవి. చేత్తో చెక్కిందైతే జుట్టు కోసం గీసిన ఒక్కో గీత మధ్యలో లావెక్కి కొసకి సన్నబడుతుంది. అచ్చేసేటప్పుడు కాగితం మీద పడే పలక అంచు నొక్కు కనబడకపోయినా కంగారు వద్దు, కాగితం కత్తిరించి ఉంటారు.

రంగులుంటే మాత్రం జాగ్రత్త. నేనొకసారి రంగుల బొమ్మని ఎక్కువ పోసి కొన్నాను. పెదవి ఎరుపు గీత దాటి గడ్డం మీదికొచ్చింది. ఎవరో ఈమధ్య పూసిందే.

పాతతపాలా:
షాలోన్ అనగానే ఆగలేకపోయాను. 1837లో విక్టోరియా రాణిని ఆయన గీస్తే శామ్యూల్ కజిన్స్ చెక్కాడు. 1851 నాటి కెనడా పన్నెండు పెన్నీల నల్ల స్టాంపు మీద ఉన్నది ఆ ముఖమే. చిన్నప్పుడు స్టాంపుల కేటలాగ్‌లో చూసిన ఆ మెడ వంపుని పెద్ద ఎన్‌గ్రేవింగ్‌లో చూసినరోజు ఒళ్లు పులకరించింది.

కలంకారి అక్క:
పేరు సంగతి నేను చెప్తాను. కౌంటెస్ అనేది మామూలుగా మొగుడి బిరుదుతో వచ్చేది. అత్తా ఆ పేరే, కోడలూ ఆ పేరే. నా దగ్గరున్న ఒక బొమ్మకి రెండేళ్లు అత్తగారి వివరాలు రాసి పెట్టుకున్నాను, తీరా చూస్తే కోడలు! అందుకే ముందు ఏడాది పట్టుకోండి. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ప్రచురణకర్త పేరు, ఏడాది ఉంటాయి. ఆ ఏడాది ఆ బిరుదు ఎవరిదో, భార్య ఎవరో ప్రభువంశాల పుస్తకాల్లో దొరుకుతుంది. బ్రిటిష్ మ్యూజియం, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ వెబ్‌సైట్లలో చెక్కినాయన పేరుతో కూడా వెతకొచ్చు.

గోదారిగట్టు:
అక్కా, దొరికింది! ఫ్రేము విప్పితే అట్ట కింద దాగిన వరసలో 1839 ఉంది. బుగ్గ మీద చుక్కలు ముద్రణప్రియ గారు చెప్పినట్టే ఉన్నాయి. ఆ ఏడాది పట్టుకుని వెతికితే ఆమె పేరు షార్లెట్ అని తేలింది. అట్ట వెనక పెన్సిల్‌తో రాసి పెట్టాను.