పాత యెజ్డికి ఫుల్ ఇంజన్ పని: ఇంట్లో చేసుకోవాలా, షెడ్డుకు ఇవ్వాలా?

రోడ్‌కింగ్82:

మా నాన్నగారు 1982లో కొన్న యెజ్డి రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్ పద్నాలుగేళ్లపాటు పట్టా కింద పడి ఉంది. కిందటి సంక్రాంతికి కార్బొరేటర్ కడిగి, కొత్త పెట్రోలు పోసి కొడితే ఏడెనిమిది కిక్కులకే స్టార్టయింది. అయితే ఎత్తు ఎక్కుతున్నప్పుడు ఇంజన్ అడుగు నుంచి టకటకమని చప్పుడు వస్తోంది, బాగా వేడెక్కిన తరువాత కూడా తెల్లపొగ తగ్గడం లేదు. మా ఊళ్లో ఈ బండి తెలిసిన మేస్త్రి ఒక్కరే ఉండేవారు. చూపు మందగించి ఆయన పని మానేశారు. ఇంకొక షెడ్డులో చూపిస్తే, ఒక్క బోల్టు కూడా విప్పకముందే, ఫుల్ ఇంజన్ పని (ఇంజన్‌ను అడుగు దాకా విప్పి చేసేది) పడుతుందనీ పిస్టన్‌తో సహా అన్నీ మార్చాలనీ చెప్పి, బండి వదిలి వెళ్లమన్నారు.

నేను రెండు పాత స్కూటర్లకు హాఫ్ ఇంజన్ పని (సిలిండర్, పిస్టన్ వరకే) ఇంట్లోనే చేసుకున్నాను, అడుగున క్రాంక్ ఇరుసు ఉండే క్రాంక్ కేసును మాత్రం ఎన్నడూ విప్పలేదు. అయినా ఈ పని ఇంట్లోనే జరగాలన్నది నా వాదన. యెజ్డిలను తయారుచేసిన మైసూరులోని ఐడియల్ జావా కర్మాగారం 1996లో మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డి పేరు మళ్లీ మార్కెట్లోకి వచ్చినా, అవి ఫోర్ స్ట్రోక్ బండ్లు కాబట్టి వాటి ఇంజన్ సామాను మన టూ స్ట్రోక్ బండికి పనికిరాదు. లోపలున్న కంపెనీ భాగం ఇంకా వాడదగినదో కాదో నింపాదిగా కొలిచి చూసే ఓపిక సొంతదారుకు తప్ప మరొకరికి ఉండదు.

లేతుమేస్త్రి:

ఓపిక ఉన్నంత మాత్రాన పని రాదండీ. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంక్ కేసు అంటే పళ్లచక్రాలను దాచే డబ్బా కాదు, పెట్రోలు గాలిని పీల్చి పైకి తోసే పంపు. ఎడమవైపు, అంటే క్లచ్ వైపు, సీలు (క్రాంక్ ఇరుసు చుట్టూ గాలి, ఆయిల్ దూరకుండా ఆపే రబ్బరు రింగు) పోతే గేర్ ఆయిల్‌ను లోపలికి లాగి పొగ కక్కుతుంది. కుడివైపు డైనమో దగ్గర సీలు పోతే బయటి గాలి చొరబడి మిశ్రమం పలచబడుతుంది, అప్పుడు పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కాబట్టి రెండు సగాలూ కలిసే అంచు మీద మీరు స్క్రూడ్రైవర్ దూర్చి తిప్పిన ఒక్క గీటు చాలు, ఎన్ని ప్యాకింగులు వేసినా ఆ ఇంజన్ మళ్లీ కుదురుగా నడవదు.

ఇక క్రాంక్ సంగతి. ఇది కారు క్రాంక్‌లాగా ఒకే దిమ్మ కాదు. రెండు ఫ్లైవీళ్ల మధ్య పిన్నును ప్రెస్సుతో బిగించి కూర్చినది. కొత్త రాడ్ కిట్టు (పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కడ్డీ, దాని పిన్ను, బేరింగు) వేయాలంటే దాన్ని ప్రెస్సు మీద విడదీసి, మళ్లీ బిగించి, రెండు సెంటర్ల (లేతు మొనల) మధ్య నిలిపి, డయల్ గేజ్ (సన్నని ఊగును ముల్లుతో చూపే కొలత సాధనం) పెట్టి తిప్పి చూడాలి. ముల్లు 0.02, 0.03 మి.మీ.కు మించి ఊగితే రాగి సుత్తితో కొట్టి సరిచేయాలి. నేను ముప్పై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇప్పటికీ ఒక్కో క్రాంక్‌కు పూట గడిచిపోతుంది. వరండాలో గోనెసంచి పరచుకొని చేసే పని కాదిది.

రెండుసైలెన్సర్లు:

మేస్త్రిగారు చెప్పిన ప్రెస్సు పని గురించి నాకు పేచీ లేదు. కానీ ఆ ఒక్క పనిని చూపించి మొత్తం ఇంజన్‌ను షెడ్డుకు అప్పగించమనడం న్యాయం కాదు. నేను నా ఇంజన్‌ను ఒకసారి బయట ఇచ్చాను. తిరిగి వచ్చాక విప్పి చూస్తే, నేను ఇచ్చేటప్పుడు ఫొటో తీసి పెట్టుకున్న కంపెనీ పిస్టన్ లేదు, దాని బదులు పేరూ ఊరూ లేని పిస్టన్ ఉంది. అడిగితే పాతది పారేశామన్నారు.

అలాగని ఇంట్లో చేసిన పని తప్పులకు అతీతమనీ అనను. మొదటిసారి నేనే కట్టినప్పుడు పిస్టన్ పిన్ను జారకుండా పట్టి ఉంచే సర్‌క్లిప్ బాగానే ఉంది కదా అని పాతదే తిరిగి వేశాను. నలభై కిలోమీటర్లు తిరిగేసరికి అది గాడిలోంచి ఊడి, బోరు గోడను పై నుంచి కింది దాకా చీరేసింది. అర్ధరూపాయి ఖరీదు కూడా చేయని తీగముక్క కోసం రీబోరు చేయించి (సిలిండర్ లోపలి గోడను తొలిపించి), 65 మి.మీ. బోరును 65.50కి తీసుకుపోవలసి వచ్చింది. పావు మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ పోయే ఈ బోరులో రెండు మెట్లు నా నిర్లక్ష్యానికే ఖర్చయ్యాయి. ఆ తప్పు నాదని నాకు తెలిసింది కాబట్టి మళ్లీ చేయలేదు. షెడ్డులో జరిగి ఉంటే కారణమే తెలిసేది కాదు.

బేరింగుల విషయంలో ఇల్లే నయమని కూడా చెబుతాను. అల్యూమినియం కేసును నీటిచుక్క వేస్తే చుయ్‌మనే దాకా వేడి చేసి, రాత్రంతా ఫ్రిజ్ పై అరలో ఉంచిన బేరింగును అందులో పెడితే దానంతటదే జారి కూర్చుంటుంది. (ఇంట్లోవాళ్ల అనుమతి ముందే తీసుకోండి.) తొందరలో ఉన్న చోట దాన్నే సుత్తితో దిగగొట్టడం నేను కళ్లారా చూశాను.

తెనాలిబుల్లెట్:

పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్ ఇంజన్లను ఇంట్లోనే విప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. యెజ్డికి ఇంత భయం దేనికి?

లేతుమేస్త్రి:

బుల్లెట్‌కు గేర్‌బాక్సు విడిగా ఉంటుంది. యెజ్డిలో క్రాంకూ గేర్లూ ఒకే కేసులో ఉంటాయి కనుక, ఒకదాని కోసం విప్పితే రెండోదీ మీ చేతిలోకి వస్తుంది. గేర్ల పక్కన పెట్టే పలచని వాషర్లు ఏవి ఎక్కడివో రాసుకోకపోతే మళ్లీ కూర్చాక గేరు పడదు.

రెండుసైలెన్సర్లు గారి బేరింగు పద్ధతి సరైనదే, నేనూ అలాగే చేస్తాను. ఆయన పిస్టన్ మార్చినవాళ్లను నేను సమర్థించను. నేనైతే పాత సామాను డబ్బాలో పెట్టి వాపసు ఇస్తాను.

రోడ్‌కింగ్82:

మీ మాటలు చదివాక ముందు కొలతలు తీశాను. గేర్ ఆయిల్ సరిగ్గా గుర్తు దాకా పోసి రెండు వారాలు తిప్పితే, బయట ఒక్క చుక్క కారకుండానే మట్టం స్పష్టంగా దిగింది. అంటే పొగ క్లచ్ వైపు సీలు నుంచే. తరువాత సిలిండర్ తీశాను. సర్‌క్లిప్ లోపల పడకుండా క్రాంక్ కేసు నోటికి గుడ్డ కుక్కి పిస్టన్ విప్పాను. రాడ్ పక్కలకు కొద్దిగా కదలడం సహజమే, కానీ రెండు చేతులతో పట్టుకొని నిట్టనిలువునా పైకీ కిందికీ లాగినప్పుడు టక్కుమన్నది. ఆ చప్పుడు రాడ్ అడుగు బేరింగుదేనని తేలింది కనుక క్రాంక్ కేసు విప్పక తప్పదు. బోరులో మాత్రం గీతలు లేవు, కొత్త రింగు దించి ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెడితే రింగు కొసల మధ్య సందు 0.3 మి.మీ. లోపే ఉంది. బోరు అరగలేదు కనుక పాత పిస్టనే ఉంటుంది. అన్నీ మార్చాలన్న షెడ్డు మాట విని ఉంటే నలభై ఏళ్ల నాటి మంచి పిస్టన్ తుక్కులోకి పోయేది.

కేసు నేనే విప్పుతాను. ఇంజన్ స్ప్రాకెట్‌కూ క్లచ్‌కూ పుల్లర్లు (లాగి ఊడదీసే పనిముట్లు) తెప్పించాను. క్రాంక్‌ను ఒక్కదాన్నే లేతుకు తీసుకెళ్లి, పని అయ్యేదాకా పక్కనే కూర్చుంటాను.

లేతుమేస్త్రి:

విప్పడం మీ ఇష్టం, నా అభిప్రాయం మారలేదు. కానీ ఎవరి దగ్గరికి వెళ్లినా లారీ బుష్‌లు కొట్టే ప్రెస్సు మీద పిన్ను దింపించి అక్కడితో సరిపెట్టుకోకండి. సెంటర్లూ డయల్ గేజూ ఉన్నాయా అని ముందే అడగండి. విడదీయకముందు రెండు ఫ్లైవీళ్ల అంచు మీదా అడ్డంగా ఒక గీత గీయించండి. పాత ఊగు ఎంతో, బిగించాక ఎంతో, రెండు అంకెలూ ఇక్కడ రాయండి. సీళ్లు కొనేటప్పుడు ఏళ్ల తరబడి డబ్బాలో ఎండిన పాత స్టాకు తీసుకోకండి. ఇప్పుడు మనం పోస్తున్న పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, దానికి తట్టుకునే రబ్బరు కావాలని చెప్పి తీసుకోండి.

రోడ్‌కింగ్82:

తప్పకుండా రాస్తానండీ. ఆదివారం కేసు విప్పుతున్నాను.