మీ ఊరి సోడా కొట్టు, గాజు సీసాల్లో మిఠాయిలు: గుర్తున్నవి రాయండి

కోనసీమ కొబ్బరాకు:
మా ఊరి సెంటర్లో రావిచెట్టు కింద ఒక సోడా కొట్టుండేది. మేం గోళీసోడా అనేవాళ్ళం కాదు, సోడాకాయ అనేవాళ్ళం. తడిపిన గోనెపట్టా కింద కాయలన్నీ పడుకోబెట్టి ఉండేవి. కొట్టాయన బొటనవేలితో గోళీని నొక్కగానే కుయ్యిమని కూత, వెనకే నురగ. పక్కన బల్ల మీద గాజు సీసాల్లో నిమ్మతొనలు, జీళ్ళు, పప్పుండలు, కొబ్బరి లౌజు. పావలాకి నాలుగు నిమ్మతొనలు పొట్లం కట్టి, చేతికిచ్చే ముందు ఇంకొకటి కొసరు వేసేవాడు. ఆ కొసరు కోసం దగ్గర్లో వేరే కొట్టున్నా మూడు సందులు తిరిగి ఇక్కడికే వచ్చేవాళ్ళం. పండగలకి మాత్రం ఆర్టోస్. రామచంద్రపురంలో 1919లో మొదలైన డ్రింకు కదా, మా గోదావరి వాళ్ళకి అదంటే ప్రాణం. మీ ఊళ్ళల్లో ఏముండేది?

కడప ఎండ:
మా పక్క దాన్ని అంగడి అంటాం. తాగేది నన్నారి, అంటే సుగంధిపాల వేళ్ళతో చేసే షర్బత్తు. గ్లాసులో నన్నారి పోసి, అర నిమ్మకాయ పిండి, నానిన సబ్జా గింజలు వేసి, పైనుంచి సోడా కొడితే అంచుదాకా పొంగేది. పొంగింది కారిపోకుండా నోరు పెట్టి జుర్రుకోవాల. మా అవ్వ దగ్గర డబ్బులు అడిగితే "నన్నారికైతేనే ఇస్తా" అనేది. ఒంటికి చలువని.

ఓరుగల్లు తమ్ముడు:
మా దుకాణంల సోడా అక్కడ్నే తయారు చేసెటోళ్ళు. సీసాలు మిషన్‌ల పెట్టి చక్రం తిప్పుతుంటే పొద్దంతా చూస్కుంట నిలబడెటోణ్ణి. గ్యాస్ నిండినంక సీస తలకిందులైతది, గోలి మూతి కాడి రబ్బరుకు అతుక్కుంటది. లోపలి గ్యాసే దాన్ని గట్టిగ పట్టుకుంటది, వేరే మూతతోని పనే లేదు. గా ముచ్చట మా బాపు చెప్పిండు.

నెల్లూరు అమ్మాయి:
మాది సోడా కొట్టే. నాన్న పెట్టిన చోటు సారా కొట్టు పక్కన. తాగేవాళ్ళు సోడాలు, నంజుకోవడానికి శనగలు మా దగ్గరే కొనేవాళ్ళు. పగలు పిల్లలు వచ్చేవాళ్ళు, చీకటిపడితే ఒక్కరూ రారు. నన్నూ ఇంటికి పంపేసేవాడు. 1992లో మా జిల్లాలోని దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డాక మా ఊళ్ళోనూ మొదలైంది. మా అమ్మ కూడా వెళ్ళింది. మా సంపాదన సగం ఆ పక్క కొట్టు పుణ్యమేనని ఆమెకు తెలుసు. అయినా వెళ్ళింది. 1993లో సారా బంద్ అయింది. మాకు రెండు నెలలు చాలా ఇబ్బందైంది.

అప్పుడు నాన్న కొట్టుని బడి ఎదురుగా మార్చి జీళ్ళు మొదలుపెట్టాడు. బెల్లం పాకం ముదిరాక పళ్ళెంలో పోసి, చెయ్యి పట్టేంత ఆరాక ముద్ద చేసి, గుంజకు కొట్టిన మేకుకి తగిలించి లాగేవాడు. లాగి మడిచి మళ్ళీ మేకుకి. నల్లటి పాకం లాగేకొద్దీ గోధుమరంగు, తర్వాత బంగారు రంగు. అరచేతులు ఎర్రగా కందిపోయేవి. చివర్లో నువ్వులు పరిచిన బల్ల మీద తాడులా సాగదీసి కత్తెరతో టకటకా కత్తిరిస్తే, ముక్కలు ఏరడం నా పని. తర్వాత మొత్తం మద్యం మీదే పెట్టిన నిషేధాన్ని 1997లో ఎత్తేశాక పాత చోటుకి వచ్చేయమని చాలామంది చెప్పారు. నాన్న పోలేదు. సాయంత్రం ఆరు తర్వాత కూడా పిల్లలు వచ్చే కొట్టు అది. నేను అక్కడే దీపం కింద ఎక్కాలు నేర్చుకున్నా.

మాంచెస్టర్‌లో తెలుగోడు:
అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఇక్కడికి దగ్గర్లో రాటెన్‌స్టాల్ అనే ఊళ్ళో ఫిట్జ్‌ప్యాట్రిక్స్ అని ఒక బారుంది. మందు దొరకని బారు! 1832లో పక్కనే ప్రెస్టన్‌లో జోసెఫ్ లివ్సీ, ఇంకో ఆరుగురు మద్యం ముట్టమని ప్రమాణ పత్రం మీద సంతకాలు చేశారు. ఆ ఉద్యమం పెరిగి, మిల్లు కూలీలు సాయంత్రం కూర్చోవడానికి ఇలాంటి చోట్లు వెలిశాయి. అక్కడ సార్సపరిల్లా అనే మొక్క వేళ్ళ డ్రింకు తాగాను. ఒక్క గుక్కకే మా తాతగారి ఊరి సుగంధి సోడా గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. మొక్కలు వేర్వేరు: వాళ్ళది స్మైలాక్స్ తీగ, మనది సుగంధిపాల. మన దానికి ఇంగ్లీషువాళ్ళు ఇండియన్ సార్సపరిల్లా అని పేరుపెట్టారు. ఇంకో సంగతి, మన గోళీ సీసాకి 1872లో పేటెంటు తీసుకున్నది హైరమ్ కాడ్ అనే ఇంగ్లండు ఆయనే.

కోనసీమ కొబ్బరాకు:
నెల్లూరు అమ్మాయి గారూ, మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. కడప అన్నా, నన్నారి ఇంట్లో ఎట్లా చేస్తారు? మా పాప అడుగుతోంది.

కడప ఎండ:
సుగంధిపాల వేళ్ళు బాగా కడిగి దంచాల. నడిమధ్య పుల్ల లాంటిది ఉంటాది, అది తీసేయాల. వాసనంతా పైబెరడులోనే. రాత్రంతా నానబెట్టి, పొద్దున అదే నీళ్ళతో కాచి వడగట్టి, చక్కెర వేసి తీగపాకం రానియ్యాల. ఆరినాక సీసాలో పోసుకోండి. పాపకు ఇచ్చేటప్పుడు గ్లాసు అంచుదాకా పొంగనియ్యండి.