పాత బీరువాలో దొరికిన ఫోటో: ఈ దుఃఖానికి కౌన్సెలింగ్ అవసరమా?

ప్రశ్న (విజయవాడ నుంచి ఒక సభ్యురాలు)

అందరికీ నమస్కారం. మా అమ్మ కాలం చేసి 14 నెలలయింది. ఆబ్దికం అయిన తరువాత ఆవిడ బీరువా సర్దుతుండగా, పట్టుచీరల అడుగున పాత పంచాంగం మధ్యలో ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. పదహారేళ్ల అమ్మ పరికిణీ ఓణీలో నిలబడి, ఆరేళ్ల పిల్లవాణ్ణి మణికట్టు దగ్గర పట్టుకుని ఉంది. వెనుక పెన్సిలుతో "1976 సంక్రాంతి" అని రాసి ఉంది.

ఆ పిల్లవాడు అమ్మకు తమ్ముడని, అంటే నాకు మేనమామ అని, నా 42వ ఏట పెద్దమ్మ చెబితే తెలిసింది. వాళ్లది నాగాయలంక దగ్గర ఊరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో అమ్మ ఒక చేత్తో తాటిచెట్టును, మరో చేత్తో తమ్ముడి మణికట్టును పట్టుకుందట. చెట్టు నిలిచింది, చేయి జారిపోయింది. పిల్లవాడి శవం కూడా దొరకలేదు. విజయవాడలో చిన్నమ్మమ్మ ఇంట్లో ఉండబట్టి ఈ ఒక్క ఫోటో మిగిలింది.

నాకు పెళ్లయిన తరువాత కూడా రోడ్డు దాటేటప్పుడు అమ్మ నా మణికట్టును నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకునేది. నేనేమైనా చిన్నపిల్లనా అని విసుక్కుని, నలుగురిలో చేయి విదిలించుకున్న రోజులున్నాయి. ఇప్పుడు అవే కళ్ల ముందు తిరుగుతున్నాయి. రెండు నెలలుగా రాత్రి రెండింటికి మెలకువ వచ్చి, లేచి ఆ ఫోటో చూడకుండా ఉండలేకపోతున్నాను. ఇంత పెద్ద విషయం నాకెందుకు చెప్పలేదని అమ్మ మీద కోపం వస్తుంది, కోపం వచ్చినందుకు ఏడుపు వస్తుంది. మా అన్నయ్య ఫోటోను కృష్ణలో కలిపేద్దామంటున్నాడు. నాన్నగారికి 72 ఏళ్లు, మతిమరుపు మొదలైంది, ఆయనకు చూపించాలో వద్దో తెలియడం లేదు. నేను ఎన్నడూ చూడని మనిషి కోసం ఇంత దుఃఖపడటం సహజమేనా? దీనికోసం కౌన్సెలింగుకు వెళ్తే అక్కడ అసలు ఏం చేస్తారు?

సమాధానం 1 (అవనిగడ్డ ప్రాంతానికి చెందిన ఒక పెద్దాయన)

అమ్మా, ఉప్పెన వచ్చిన ఆ శనివారం నాటికి నాకు పద్దెనిమిదేళ్లు. మా ఇంట్లో నలుగురు పోయారు. ప్రభుత్వ లెక్క ప్రకారమే 10,000 మందికి పైగా పోయిన ఆ ఉప్పెన తరువాత, మిగిలినవాళ్లం ఒకరితో ఒకరం దాని గురించి మాట్లాడుకోలేదు. శవాలను గుర్తుపట్టే వీలు లేక చాలాచోట్ల సామూహికంగా దహనం చేశారు. మన వాళ్లు అందులో ఉన్నారో లేదో తెలియనప్పుడు ఏ తిథికి పిండం పెట్టాలో కూడా తోచదు. మీ అమ్మగారు మీకు చెప్పకపోవడంలో మీ మీద నమ్మకం లేకపోవడమనేది ఏ కోశానా లేదని నా అనుభవం కొద్దీ చెప్పగలను. నా పిల్లలకు నేనూ ముప్ఫై ఏళ్ల పాటు చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపలేనేమోనన్న భయం నన్ను పట్టుకుని ఉండేది.

ఫోటోను నదిలో కలిపే ఆలోచన మాత్రం దయచేసి ఇప్పుడు చేయకండి. మా వాళ్లలో ఒక్కరి ముఖమైనా కాగితం మీద మిగిలి ఉంటే బాగుండునని ఈనాటికీ అనుకుంటాను.

సమాధానం 2 (విశాఖపట్నంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్న సభ్యురాలు)

పెద్దాయన రాసిన మాటల తరువాత నేను రాయగలిగింది తక్కువే అయినా, మీరు అడిగిన దానికి నేరుగా జవాబిస్తాను. మీ దుఃఖం సహజమే. మీరు చూడని మేనమామ కోసం ఏడుస్తున్నట్టు మీకు అనిపిస్తోంది గానీ, మీ ఉత్తరంలో ఎక్కువ చోటు తీసుకున్నది అమ్మ చేయి. ఆవిడ మరణానికి మీరు ఒకసారి దుఃఖించారు. ఇప్పుడు ఆవిడ జీవితానికి కొత్త అర్థం తెలిసి, ఇన్నాళ్ల జ్ఞాపకాలన్నిటినీ మళ్లీ మొదటినుంచి చూసుకుంటున్నారు.

దేహం దొరకని మరణాన్ని పూర్తిగా అంగీకరించడం మనసుకు చాలా కష్టం. 1970లలో అమెరికా పరిశోధకురాలు పాలిన్ బాస్, వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేస్తూ, ఈ స్థితికి అస్పష్ట వియోగం అని అర్థం వచ్చే పేరు పెట్టారు. మీ అమ్మగారు అటువంటి స్థితిలోనే జీవితమంతా గడిపి ఉండవచ్చు.

కౌన్సెలింగులో మొదటి రోజే ఫోటో బయటికి తీయమని ఎవరూ అడగరు. సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట వరకు జరిగే తొలి సంభాషణలో నిద్ర, ఆకలి, పని, ఇంట్లో మీకు తోడుగా ఉన్నవాళ్లు, ఇటువంటి విషయాలే ఎక్కువగా అడుగుతారు. తరువాత ఒక రోజు, మీరు సిద్ధమన్నప్పుడు, ఫోటోను ఎదురుగా పెట్టుకుని కనబడేది కనబడినట్టు చెప్పమంటాను: బట్టలు, వెనుక తెర, ఎవరు ఎటు చూస్తున్నారు, చేతులు ఎలా ఉన్నాయి. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, రాత్రి రెండింటికి ఒంటరిగా చూసినప్పుడు మనసు ఫోటోలో లేని నీటిని, చీకటిని కూడా అందులో చూస్తుంది. పగటిపూట, మరో మనిషి సమక్షంలో, ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం వల్ల ఆ సంక్రాంతి రోజున అక్కాతమ్ముళ్లు క్షేమంగా ఉన్నారన్న సంగతి కూడా మనసుకు అందుతుంది. ఆ తరువాతే కోపం గురించి మాట్లాడతాం. కొందరి చేత పోయినవాళ్లకు ఉత్తరం రాయిస్తాం. చేయి విదిలించుకున్న రోజు గురించి మీరు అమ్మకు రాయవలసింది ఉన్నట్టుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో 2022 నుంచి అమలులో ఉన్న 11వ కూర్పు, దీర్ఘకాలిక శోకాన్ని చికిత్స అవసరమైన స్థితిగా గుర్తించింది. కనీసం ఆరు నెలలు గడిచినా, ఆ సమాజపు ఆచారాల ప్రకారం సహజమనుకునే దానికి మించి దుఃఖం తీవ్రంగా కొనసాగి, రోజువారీ పనులను కుంటుపరిచినప్పుడు దాన్ని పరిశీలిస్తారు. మీకు అది ఉందని ఉత్తరం చదివి చెప్పడం తప్పు. అయితే రెండు నెలలుగా నిద్ర చెడింది కాబట్టి, ఒకసారి కలవడానికి అంతకంటే కారణం అక్కర్లేదు. కలిసే వ్యక్తి క్లినికల్ సైకాలజిస్టు అయితే భారత పునరావాస మండలిలో నమోదు ఉందా అని నిస్సంకోచంగా అడగండి. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే మాత్రం మరుసటి రోజు వరకు ఆగవద్దు.

నాన్నగారికి చూపించాలనుకుంటే, "ఇదెవరో గుర్తుందా" అని అడగకండి. మతిమరుపు ఉన్నవారికి ఆ ప్రశ్న పరీక్షలా తోచి బెంబేలెత్తిస్తుంది. "ఇది అమ్మ, పక్కన అమ్మ తమ్ముడు" అని మీరే చెప్పి, ఆయన మాట్లాడితే వినండి, మాట్లాడకపోతే పక్కన పెట్టేయండి. ఆయనకు ఈ సంగతి ముందే తెలిసి ఉండే అవకాశం కూడా ఉంది.

సమాధానం 3 (హైదరాబాదు నుంచి ఒక సభ్యుడు)

మా నాన్నగారు పోయాక నేను ఏడు నెలలు కౌన్సెలింగుకు వెళ్లాను. మొదటి రెండు మూడుసార్లు ఇంటికి వచ్చాక బాధ ఎక్కువైనట్టే అనిపించి మానేద్దామనుకున్నాను; ఆ మాటే కౌన్సెలర్‌తో చెబితే, ఆవిడ వేగం తగ్గించారు. మీకూ అలా అనిపిస్తే మనసులో పెట్టుకోకుండా చెప్పండి. ఇంకొకటి, ఫోటోను ముందు స్కాన్ చేయించి, వెంట నకలు తీసుకువెళ్లండి. అసలును జిగురు పేజీల ఆల్బంలో మాత్రం పెట్టవద్దు, అంటుకుపోయిందంటే చిరగకుండా తీయడం కష్టం. నేను అసలును మా అక్క దగ్గర ఉంచాను, దానివల్ల అర్ధరాత్రి లేచి చూడటం దానంతటదే తగ్గింది.

ప్రశ్న అడిగిన సభ్యురాలు

ముగ్గురికీ కృతజ్ఞతలు. పెద్దాయన గారి మాటలు అన్నయ్యకు చదివి వినిపించాను, నదిలో కలిపే మాట ఇక ఎత్తనన్నాడు. ఫోటో ప్రస్తుతం పెద్దమ్మ దగ్గర ఉంది. వచ్చే గురువారానికి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. పెద్దమ్మ తానూ వస్తానంటోంది, తీసుకువెళ్లవచ్చా?

సమాధానం 2 రాసిన సభ్యురాలు

తప్పకుండా రమ్మనండి, కానీ మొదటిసారి ఆవిడను బయట కూర్చోబెట్టి మీరు ఒక్కరే లోపలికి వెళ్లండి. ఆవిడ ఎదుట మీరు అమ్మ మీద కోపాన్ని చెప్పలేరు. ఆవిడ కూడా తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్కే కాబట్టి, ఆవిడకు విడిగా ఒక గంట కావాలేమో అడగండి.