నంబ్/ఎన్‌కోర్: కలిసిన పాటా, అతికించిన పాటా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం):
నిన్న సాయంత్రం ఏడు రోడ్ల జంక్షన్‌లో టీ తాగుతుంటే వాదన అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్, ర్యాపర్ జే-జీ కలిసి 2004 నవంబరులో తెచ్చిన 'కొలిజన్ కోర్స్' ఆల్బమ్ మీదకు పోయింది. ఆరే పాటలు. అందులో ఒకటి 'నంబ్/ఎన్‌కోర్', అంటే లింకిన్ పార్క్ 'నంబ్', జే-జీ 'ఎన్‌కోర్' కలిపిన పాట. "పాతవి రెండేసి అతికించి అమ్ముకున్నారు" అన్నాడు మావాడు. నాకు చాలా బాధేసింది. డిగ్రీ రోజుల్లో నెట్ సెంటర్‌లో సీడీకి ఎక్కించుకుని, గీతలు పడి ఆగిపోయేదాకా విన్నాను. మీరేమంటారు?

గంటస్తంభం (విజయనగరం):
మీవాడి మాటే నాదీ, అన్నా. 'ఎన్‌కోర్' స్టేజీ దిగబోతున్న రాజు పాట. జే-జీ రిటైరవుతున్నానని చెప్పి చేసిన 'బ్లాక్ ఆల్బమ్'లోది. 'నంబ్' ఏమో ఎదుటివాళ్ల ఆశలు మోయలేక మొద్దుబారిపోయిన కుర్రాడిది. ఒకటి పండగ, ఒకటి ఏడుపు. ఒకే పందిట్లో రెండూ ఎలా పెడతారు? గ్రామీ వచ్చింది కదా అనకు, అవార్డు వేరు, పాట వేరు.

నాగావళి గట్టు:
తమ్ముడూ, నువ్వు తప్పంటున్నదే నాకు ఆ పాటలో ప్రాణం. మొదట ఆ కీబోర్డు స్వరాలు వస్తాయి, వాటి మీద జే-జీ దర్జాగా మాట విసురుతాడు. జనం ఇంకోసారి పాడమంటున్నారు. తర్వాత లింకిన్ పార్క్ గాయకుడు చెస్టర్ గొంతు అందుకుంటుంది, అలసిపోయానంటూ. బయట చప్పట్లు, లోపల ఖాళీ. 2017 జులైలో అతను పోయాక ఆ చోటు వస్తే పాట ఆపేసి కాసేపు ఊరుకుంటున్నాను.

ఇక అతికించడం అంటావా, అది కంప్యూటర్లో ఎవరైనా చేస్తారు. వీళ్లు మళ్లీ మైకు ముందు నిలబడి పాడారు. బీట్ మారితే ర్యాప్‌లో మాట విరుపూ మారాలి మరి. పాత గొంతును కొత్త వేగానికి లాగితే అది బతకదు.

కోట జంక్షన్ (విజయనగరం):
మధ్యలో దూరుతున్నాను. 1986లో ర్యాప్ జట్టు రన్-డీఎంసీ, రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ కలిసి చేసిన 'వాక్ దిస్ వే' కూడా ఏరోస్మిత్‌వాళ్ల 1975 నాటి పాటే. పాతదా కొత్తదా అన్నది కాదు లెక్క. మన తప్పెటగుళ్ళు చూడండి, గుండెల మీద రేకు వాయిస్తూ, పాడుతూ, గెంతుతూ ఉంటారు. ఊపిరి తప్పితే దెబ్బ తప్పుతుంది. అలా ఒకరి ఊపిరి ఇంకొకరికి అందాలి. 'నంబ్/ఎన్‌కోర్'లో అందింది. అదే ఆల్బమ్‌లోని 'బిగ్ పింపిన్/పేపర్‌కట్'లో మాత్రం ఎవరి దారి వాళ్లదే.

గంటస్తంభం:
'బిగ్ పింపిన్' గురించి సరిగ్గా చెప్పావు. చెస్టర్ విషయం నేను అలా ఆలోచించలేదు అన్నా, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్లీ వింటాను. కానీ ఆల్బమ్ మొత్తాన్ని ఒప్పుకోను. ఆరింట్లో రెండే నిలుస్తాయి.

నాగావళి గట్టు:
ఆ రెండోది ఏది? 'ఇజ్జో/ఇన్ ది ఎండ్' అయితే మనిద్దరిదీ ఒకటే మాట. ఆ పియానో మీద జే-జీ మొదలుపెట్టే చోటు జాగ్రత్తగా విను, రేపు మాట్లాడుకుందాం.