వాలుగకి బతికున్న ఎర: పరిగెలు ఎలా పడుతున్నారు, ఎలా నిలుపుతున్నారు?

గోదారిగట్టు:
రాత్రి గాలం వేసేవాళ్లు చెప్పండి. వాలుగకి ఎరగా నాలుగంగుళాల పరిగెలు (చిన్న చేపలు) కావాలి. విసురు వలా, సీసా మావా (సీసాతో చేసే చేపల బోను), చిన్న గాలమా? తెల్లారేదాకా బకెట్లో ఎలా నిలపాలి? కొక్కెం ఎక్కడ గుచ్చాలి? దారానికి సీసం బరువు ఎంత కట్టాలి?

లంకరాజు:
సీసా మావు చాలండి. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసా పైభాగం మూడో వంతు కోసి, తలకిందులుగా లోపలికి దూర్చి, అంచు నాలుగు చోట్ల తీగతో కుట్టెయ్యాలి. అందరూ తప్పేది మూతి దగ్గరే. ఉన్న మూతిని అలాగే వదిలితే రెండంగుళాల పిల్లలే దూరతాయి. మెడ కింద రెండు వేళ్లు పట్టేంత వెడల్పు వచ్చేదాకా కొయ్యండి. కాల్చిన మేకుతో ఒళ్లంతా చిల్లులు పెట్టి, మునగడానికి రాయి వెయ్యండి. వేయించిన తవుడు, వేరుశనగ చెక్క కలిపి గుడ్డలో మూట కట్టాలి, పొడిగా వేస్తే కొట్టుకుపోతుంది. మోకాలి లోతులో నాచు అంచున, మూతి నీటివాలు వైపు ఉండాలి. వాసన వాలుకి పోతుంది, పరిగె దాన్ని పట్టుకుని ఎదురెక్కి వస్తుంది. అరగంటకోసారి తియ్యండి, లేదంటే ఎండ్రకాయలు దూరి తినేస్తాయి.

పుట్టివాడు:
సీసాతో అరగంటకి నాలుగు పడతాయి, విసురు వల ఒక్క విసురుకి నలభై. సెంటీమీటరు కన్ను వల తీసుకోండి. కన్ను పెద్దదైతే పరిగె మొప్పల దగ్గర ఇరుక్కుని చస్తుంది. తవుడు చల్లి పది నిమిషాలు ఆగి వెయ్యండి.

మానేరుకాడ:
అన్నా, వలల పడ్డ పరిగె వాలుగకు పనికిరాదు. పొలుసు రాలుతది, ఒంటి మీది జిగురు పోతది, రెండు గంటల్ల పక్కకు ఒరుగుతది. వాలుగ రాత్రి చీకట్ల కదలికనే పట్టుకుంటది, ఒరిగిన చేప ఎందుకు? 14 నంబరు చిన్న కొక్కెం, పుల్లంత సన్న బెండు, కందిగింజంత గోధుమపిండి ముద్ద. కొక్కెం మొన పక్కన ఎదురుముల్లు నొక్కేసి పట్టాలె, చెయ్యి తడుపుకొని తియ్యాలె. గట్ల పట్టింది తెల్లారేదాక గుండ్రంగ తిరుగుతది.

పుట్టివాడు:
వల తప్పు కాదు, వల తీసేవాడి తప్పు. ఇసుక మీద గుమ్మరిస్తే ఏ చేపైనా చస్తుంది. వల అంచున ఉన్న గుండ్లు నీళ్లలో ఉండగానే వల మడత కింద టబ్బు పెట్టి, నీళ్లతో సహా వొంపుకోవాలి.

మానేరుకాడ:
నలభై చేపలు ఒకదానికొకటి రాసుకుంటే పొలుసు పోదా? టబ్బు పెట్టినా అంతే.

పుట్టివాడు:
వల విసరడం చేతగాకపోతే నాకు చెప్పండి, వలని అనకండి.

హేచరీమనిషి:
ఇద్దరూ ఆగండి. చేపపిల్లల రవాణాయే నా వృత్తి, ఈ సంగతిలో నా మాట వినండి. పొలుసు పోయిన చోటునుంచి చేప ఒంట్లో ఉప్పు బయటికి పోతుంది, నీళ్లు లోపలికి చేరతాయి, దాంతో నీరసిస్తుంది. అందుకే లీటరుకి 3 నుంచి 5 గ్రాముల కల్లుప్పు వెయ్యాలి, 20 లీటర్ల బకెట్‌కి 60–100 గ్రాములు. వలతో పట్టినవాటికి ఇది తప్పనిసరి. కుళాయి నీళ్లు వద్దు, క్లోరిన్ మొప్పల్ని కాలుస్తుంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటే, 30 డిగ్రీలవి ఏడున్నరే. గడ్డకట్టిన నీళ్ల సీసా ఒకటి బకెట్లో తేలించండి, కానీ ఒక్కసారిగా చల్లబరచకండి. బ్యాటరీ ఏరేటర్ (నీళ్లలోకి గాలి బుడగలు పంపేది) ఉన్నా 20 లీటర్లకి పది పన్నెండు చేపలు మించొద్దు. పట్టిన తర్వాత మేత పెట్టకండి. పెంట వేస్తే అమ్మోనియా పెరుగుతుంది.

కొత్తగాలం:
ఇంత కష్టమెందుకండీ? మా చెరువులో బొచ్చె పిల్లలు నాలుగంగుళాలున్నాయి, అవే గుచ్చితే?

మానేరుకాడ:
తమ్మీ, అవి సర్కారు వదిలిన పిల్లలు. 2016–17 సంది తెలంగాణల చిన్న చెరువులకు 35–40 మిల్లీమీటర్లవి, పెద్ద జలాశయాలకు 80–100 మిల్లీమీటర్లవి వదులుతున్నరు. నీ నాలుగంగుళాల పిల్ల గదే. మత్స్య సంఘంల ముదిరాజు, గంగపుత్రుల బతుకుదెరువు అది. ఎర కోసం ముట్టొద్దు.

కొత్తగాలం:
పది పిల్లలకి ఏమవుతుంది? కొందరు గుంటలో బ్లీచింగ్ చల్లి పడుతున్నారు, వాళ్లని అడగండి.

లంకరాజు:
వాళ్లనీ అడుగుతాం. నీళ్లలో విషం కలపడం 1897 ఫిషరీస్ చట్టం నాటినుంచీ నేరం. ఆ మాట ఇక్కడ ఉపాయంలా రాయకండి.

డాలస్_తెలుగు:
ఇక్కడ టెక్సాస్‌లో ఫ్లాట్‌హెడ్ క్యాట్‌ఫిష్‌కీ బతికున్న ఎరే. విసురు వల 14 అడుగుల వ్యాసం దాటకూడదు. గేమ్ ఫిష్‌గా (వేటచేపగా) చట్టం లెక్కించే జాతుల్ని ఎరగా గుచ్చకూడదు, బ్లూగిల్ అనే చేపని గుచ్చొచ్చు. షాడ్ చేపని మూలలున్న డబ్బాలో వేస్తే మూలకి కొట్టుకుని చస్తుంది, గుండ్రటి టబ్బే కావాలి.

లంకరాజు:
పరిగెకీ గుండ్రటిదే మేలండి. ఇంకోటి, మట్టగిడస, గొరక చేపలు పైకొచ్చి గాలి పీలుస్తాయి, ఏరేటర్ లేకపోయినా ఉంటాయి. కానీ మూత బిగించాలి, ఎగిరిపోతాయి. ఇంగిలాయి చేపని మాత్రం చేత్తో పట్టకండి, పక్క ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చర్మం కాలకుండా ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో అరగంటకి పైగా ఉంచండి. నొప్పి తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి.

పుట్టివాడు:
మట్టగిడస నాచులోకి దూరి దారం చుట్టేస్తుంది. పరిగే ఎర.

హేచరీమనిషి:
కొక్కెం సంగతి ఎవరూ చెప్పలేదు. పారే నీళ్లలో కింది పెదవినుంచి పై పెదవికి గుచ్చితే ఎదురు ఈదుతూ నిలబడుతుంది. నిలవ నీళ్లలో వీపు రెక్క వెనక, వెన్నెముకకి పైన గుచ్చాలి. కొక్కెం వెన్నుకి తగిలితే అక్కడికక్కడే చస్తుంది. నాలుగంగుళాల పరిగెకి 5/0 సైజు పెద్ద కొక్కెం, మొన పూర్తిగా బయట కనిపించాలి. వాలుగ పళ్లు ఆకురాయిలా దారాన్ని అరగదీస్తాయి, చివరి రెండు అడుగులు కనీసం 60 పౌండ్ల బరువు తట్టుకునే నైలాన్ దారం కట్టండి.

మానేరుకాడ:
పెదవికి గుచ్చినా వలల పడ్డదైతే నిలబడదు.

గోదారిగట్టు:
కల్లుప్పు, మావు మూతి సంగతి అర్థమైందండి. సీసం మాట మిగిలింది. గోదారి వరద తగ్గాక మడుగు అంచున ఎంత బరువు కడుతున్నారు?