చిన్న విమానం, కారు: కొన్న తరువాత అయ్యే ఖర్చుల్లో తేడా ఎంత?

ప్రశ్న:
సెస్నా 172 వంటి నాలుగు సీట్ల పాత విమానాన్ని కొనాలనే ఆలోచనలో ఉన్నాను. దాని ధర ఖరీదైన కారు ధరకు దగ్గరగానే కనిపిస్తోంది. కొన్న తరువాత ఏటా అయ్యే ఖర్చు కూడా అలాగే ఉంటుందా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం:
ఇంధనాన్ని మాత్రమే చూస్తే తేడా భయపడేంత కాదండి. ఈ విమానం గంటకు సుమారు 32 లీటర్లు ఖర్చు చేసి 220 కిలోమీటర్ల వరకు వెళుతుంది. అంటే వంద కిలోమీటర్లకు దాదాపు 15 లీటర్లు, మామూలు కారుకు పట్టే దానికి రెట్టింపు. రోడ్డు మలుపులు లేనందువల్ల అందులో కొంత కలిసివస్తుంది కానీ, ఏవ్‌గ్యాస్ (ఇలాంటి చిన్న విమానాల్లో వాడే ప్రత్యేక పెట్రోలు) ధర మామూలు పెట్రోలు కంటే ఎక్కువ. అసలు భారం విమానం నేల మీద ఉన్నా ఆగని ఖర్చులది: హ్యాంగర్ (విమానం నిలిపే షెడ్డు) అద్దె, బీమా, వార్షిక తనిఖీ. ఆ తనిఖీలో లైసెన్సు ఉన్న ఇంజనీరు మూతలు, సీట్లు విప్పి, కంట్రోల్ కేబుళ్ల నుంచి సిలిండర్ల కంప్రెషన్ దాకా పరీక్షిస్తారు కాబట్టి, బయటపడే లోపాలను బట్టి బిల్లు ఒక ఏడాది స్వల్పంగా, మరుసటి ఏడాది మోయలేనంతగా ఉండవచ్చు.

రెండో సమాధానం:
ఇంజన్ సంగతి కూడా చెప్పాలి. కారు ఇంజన్‌ను పూర్తిగా విప్పే అవసరం చాలామందికి ఎన్నడూ రాదు. ఈ విమానాల్లోని లైకమింగ్ ఇంజన్లకు మాత్రం సాధారణంగా 2,000 గంటలకు, లేదా 12 ఏళ్లకు, ఏది ముందైతే అప్పుడు ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి, అరిగిన భాగాలు మార్చి మళ్లీ బిగించడం) చేయాలని తయారీదారు సూచిస్తారు. అందుకే ఎగిరిన ప్రతి గంటకూ కొంత సొమ్ము పక్కన పెట్టడం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. ఎగరకుండా ఉంచితే ఆదా అవుతుందనుకోవడం సరికాదు. ఈ ఇంజన్లలో క్యామ్‌షాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) పైభాగాన ఉంటుంది కనుక, నెలల తరబడి నిలిపితే దానిపై ఉన్న ఆయిల్ కిందికి జారిపోయి తుప్పు పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నేను ఏడాదికి 50 గంటలకు మించి ఎగరలేను. అప్పుడు లెక్క ఎలా ఉంటుంది?

మూడో సమాధానం:
స్థిర ఖర్చులు మారవు కాబట్టి, ఏడాదికి 100 గంటలు ఎగిరేవారితో పోలిస్తే ఒక్కో గంటపై మీకు పడే స్థిర భారం రెట్టింపవుతుంది. అంత తక్కువ వాడకానికి ఫ్లయింగ్ క్లబ్బులో గంటల లెక్కన అద్దెకు తీసుకోవడమే చౌక. సొంతం కావాలనుకుంటే మరో ఇద్దరు పైలట్లతో కలిసి కొనండి. హ్యాంగర్, బీమా, తనిఖీ ఖర్చు మూడో వంతుకు తగ్గుతుంది, ఇంజన్ కూడా తరచుగా తిరుగుతుంది. ఓవర్‌హాల్ నిధికి ఎవరెంత వేయాలో, మధ్యలో ఒకరు తప్పుకుంటే వాటా ఎవరు కొనాలో ముందే రాతపూర్వకంగా ఒప్పందం చేసుకోండి. కొనే ముందు అమ్మకందారుతో సంబంధం లేని ఇంజనీరుకు లాగ్‌బుక్కులు (ఎగిరిన గంటలు, మరమ్మతులు నమోదు చేసే పుస్తకాలు) చూపించి, గత కొన్నేళ్లలో విమానం ఏటా ఎన్ని గంటలు ఎగిరిందో పరిశీలించమనండి.