జీడితోటలో పని చేసే నాన్నగారు రోజుకు ఎంత నీరు తాగాలి?

ప్రశ్న (సోంపేట నుంచి):
మా నాన్నగారికి 60 ఏళ్లు. తెల్లవారగానే జీడితోటకు వెళ్లి, మధ్యాహ్నం వరకు చెంబెడు నీటితోనే గడిపేస్తారు. దాహం లేనిదే నీరెందుకని ఆయన వాదన. ఉద్దానంలో కిడ్నీ జబ్బుల సంగతి తెలిసినదే కనుక నాకు భయంగా ఉంది. ఎన్ని లీటర్లు తాగించాలి?

జవాబు (విజయనగరం నుంచి):
ఎండను, చెమటను బట్టి అవసరం మారుతుంది కనుక అందరికీ ఒకే లెక్క చెప్పడం కుదరదు. వయసు పైబడినవారికి దాహం సరిగా తెలియదు కాబట్టి, ఆయన వాదనను పట్టించుకోకుండా, ఎండలో పని చేస్తున్నంతసేపూ 20 నిమిషాలకొకసారి గ్లాసెడు నీరు తాగమనండి. మూత్రం ముదురు పసుపు రంగుకు తిరిగితే సాధారణంగా నీరు చాలనట్టే. మా ఇంట్లో పొలానికి వెళ్లేవారికి చోడి (రాగి) అంబలి, పల్చటి మజ్జిగ కట్టి పంపేవారు. నీళ్లంటే ముఖం తిప్పుకునేవారు సైతం వాటిని కాదనరు.

జవాబు (పలాస నుంచి):
పై మాటలు ఆరోగ్యవంతులకు సరిపోతాయి. ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్ర పరీక్షలు చేయించండి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి నీరు ఎక్కువైతే కాళ్ల వాపు, ఆయాసం రావచ్చు కనుక, వారు వైద్యులు చెప్పిన కొలత మేరకే తాగాలి. ఉద్దానం జబ్బుకు కారణం ఇదేనని ఇప్పటికీ తేలలేదు; నీటి కొరత అనుమానాలలో ఒకటి మాత్రమే. అన్నట్టు, ఆయన ఒంటినొప్పులకు దుకాణంలో మాత్రలు కొని మింగుతున్నారేమో కూడా అడగండి; నొప్పి మాత్రలలో కొన్ని కిడ్నీలకు చేటు చేస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
మింగుతున్నారండి, వారానికి రెండు మూడు. ఈ సోమవారమే పరీక్షకు తీసుకువెళ్తాను.